బెంగళూరు పీజీలో చదువు, నిద్ర, సరదా: మూడూ ఒకే వారంలో పట్టించడం ఎలా

ఇంజినీరింగ్ రెండో ఏడో మూడో ఏడో చదివే పిల్లల్ని రోజుకి ఎంతసేపు చదువుతారని అడిగితే ఆరు గంటలు, ఏడు గంటలు అంటారు. అబద్ధం కాదు, పుస్తకం ముందు అంతసేపూ కూర్చుంటారు. కానీ ఆ పుస్తకం పక్కనే ఫోన్ ఉంటుంది, ఎదురు మంచం మీద కబుర్లు చెప్పే రూమ్మేట్ ఉంటాడు, మధ్యలో గ్రూపులో మెసేజ్‌లు వస్తుంటాయి. చివరికి ఆ టైం చదువుకీ చెల్లదు, విశ్రాంతికీ చెల్లదు. రాత్రి పడుకునేసరికి రెండు బాధలు మిగులుతాయి. సరిగ్గా చదవలేదని ఒకటి, అయినా ఒళ్ళు అలసిపోయిందని ఇంకొకటి.

ఈ అటూ ఇటూ కాని గంటల్ని పట్టుకుని, కొన్నిటిని చదువుకి, కొన్నిటిని నిద్రకీ ఆటకీ ఇచ్చెయ్యడం ఎలాగో మెట్టు మెట్టుగా చెబుతాను. మారతహళ్లిలోనో బీటీఎంలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, ఉండి చదువుకునే తెలుగు వాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఉద్యోగం చేస్తూ గేట్‌కి ప్రిపేరయ్యే వాళ్ళు కాలేజీ అన్న చోటల్లా ఆఫీసు అని చదువుకుంటే సరిపోతుంది.

1. ముందు ఒక వారం ఉన్నది ఉన్నట్టు రాయండి

ఏమీ మార్చకండి. ఒక చిన్న నోట్‌బుక్ తీసుకుని, పని మారినప్పుడల్లా టైం, చేసిన పని రాయండి. పక్కన ఒక గుర్తు పెట్టండి. చదువుకి ‘చ’, విశ్రాంతికో సరదాకో ‘వి’, ఏదీ కానిదానికి ఒక గీత. వారం చివర ఫోన్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైం తీసి ఈ నోట్‌బుక్ పక్కన పెట్టి చూడండి. చాలామందికి ‘చ’ అని రాసుకున్న గంటల్లోనే ఇన్‌స్టాగ్రామ్ కనిపిస్తుంది.

గీతలు ఎక్కువగా సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య పడతాయి. కాలేజీ నుంచి రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఈదుకుంటూ రూముకి వస్తారు, బ్యాగ్ కుర్చీ మీద పడేసి మంచం మీద వాలతారు. ‘పది నిమిషాలు’ అనుకుని ఫోన్ తీస్తారు. పీజీలో డిన్నర్ పెట్టారని ఎవరో వచ్చి చెప్పేదాకా లేవరు. ఆ గంటల్లో నిద్ర పోలేదు, ఆడుకోలేదు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఈ టైంటేబుల్‌కి ముడిసరుకు అదే.

మన పిల్లలకి ఇది మరీ ఎక్కువ కావడానికి కారణం ఉంది. ఇంటర్ రెండేళ్ళూ రెసిడెన్షియల్ కాలేజీలో గడిపిన వాళ్ళకి టైం అనేది బెల్ కొట్టి, వార్డెన్ తలుపు తట్టి చెప్పేది. తెల్లవారి స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో క్లాసులు. ఆట అంటే దొంగతనంగా చేసే పని. అలాంటి వాళ్ళు బెంగళూరు వచ్చేసరికి బెల్ లేదు, వార్డెన్ లేడు. తన గంటలు తనే పంచుకోవడం వాళ్ళకి ఎవరూ నేర్పలేదు. అందుకని బద్ధకస్తులమని తిట్టుకోకుండా దీన్ని ఒక కొత్త పనిగా నేర్చుకోండి.

2. 168 గంటల లెక్క వెయ్యండి

వారానికి 168 గంటలు. నిద్ర రోజుకి ఏడున్నర గంటలు వేసుకుంటే 52.5. కాలేజీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏడేసి గంటలు, శనివారం నాలుగు, మొత్తం 39. ప్రయాణం ఆరు రోజులు గంటన్నర చొప్పున 9. తిండి, స్నానం, బట్టలు ఉతకడం లాంటివి రోజుకి రెండున్నర గంటలు, అంటే 17.5. ఇవన్నీ కలిపితే 118. ఇంకా 50 గంటలు మిగిలాయి.

ఇందులో సొంత చదువుకి 28 తీసుకోండి. వారంలో ఐదు రోజులు మూడున్నర గంటలు, శనివారం నాలుగున్నర, ఆదివారం ఆరు. ఇంకా 22 మిగులుతాయి. వాటిలో పది గంటలు ఆటకి, స్నేహితులకి, ఇంటికి ఫోన్‌కి రాయండి. మిగతా పన్నెండూ ఖాళీగా వదిలెయ్యండి. జ్వరం వస్తుంది, ల్యాబ్ రికార్డ్ మిగిలిపోతుంది, ఎవరి పుట్టినరోజో వస్తుంది, అవన్నీ ఆ పన్నెండులో పోతాయి. గంట గంటా నింపేసిన టైంటేబుల్ మంగళవారానికే చిరుగుతుంది.

మీ అంకెలు వేరుగా ఉంటాయి. ప్రయాణానికి రోజూ మూడు గంటలు పోతుంటే టైంటేబుల్ కంటే ముందు పీజీ మార్చే సంగతి ఆలోచించండి. కాలేజీ దగ్గర పీజీకి అద్దె రెండు వేలు ఎక్కువైనా, రోజుకి గంటన్నర మిగిలితే అది ఖరీదైన బేరం కాదు.

3. నిద్రని అందరికంటే ముందు రాయండి

టైంటేబుల్ వేసేటప్పుడు చదువు రాసి, ఆట రాసి, మిగిలినది నిద్రకి వదులుతారు. దాన్ని తిరగెయ్యండి. పద్దెనిమిది దాటిన వాళ్ళకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి. పగలు చదివినది మెదడులో గట్టిపడేది నిద్రలోనే. నిద్ర తగ్గిస్తే ఆ రోజు చదివినదానికే గండి పడుతుంది. పరీక్ష ముందు నైట్ అవుట్ చేసిన వాడికి చదివినంత గుర్తుండకపోవడం, తెలిసిన లెక్కలో కూడిక తప్పడం ఇందుకే.

ఇంట్లో పెద్దవాళ్ళు నాలుగింటికి లేచి చదవమంటారు. మాట మంచిదే, కానీ పీజీలో పన్నెండు దాటితే గానీ లైటు ఆరదు. అలాంటి చోట నాలుగింటికి లేస్తే మిగిలేది నాలుగు గంటల నిద్ర, ఆ పైన తొమ్మిదింటి క్లాసులో కునుకు. మీ గదిలో నిజంగా లైటు ఆరే టైం నుంచి ఏడున్నర గంటలు లెక్కేసుకుని, అదే లేచే టైంగా పెట్టుకోండి. ఆదివారం కూడా ఆ టైంకి గంటకి మించి అటూ ఇటూ పోనివ్వకండి. ఆదివారం పన్నెండింటికి లేచిన వాడికి ఆ రాత్రి రెండింటిదాకా నిద్ర రాదు, సోమవారం పొద్దున ఆ బాకీ తీరుస్తాడు.

త్రీ షేరింగ్ గదిలో ఇది ఒక్కరి చేతిలో ఉండదు. ఒకడికి అమెరికా షిఫ్ట్, ఇంకొకడికి రాత్రంతా గేమ్. గొడవ పడకుండా ఆదివారం మధ్యాహ్నం అందరూ ఉన్నప్పుడు మాట్లాడండి. “అన్నా, పదకొండున్నర తర్వాత కాల్ ఉంటే టెర్రస్ మీదకో కారిడార్‌లోకో వెళ్తావా? పొద్దున నేను అలారం ఒక్కసారికే ఆపేస్తాను” అని ఇచ్చిపుచ్చుకునే బేరంగా అడిగితే చాలావరకు ఒప్పుకుంటారు. పొద్దున అలారం ఐదుసార్లు మోగించేవాడికి రాత్రి కాల్స్ గురించి అడిగే హక్కు లేదు మరి. చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్, కళ్ళకి ఒక గుడ్డ పట్టీ కొనుక్కోండి.

కాఫీ సంగతి. బెంగళూరులో ప్రతి దర్శిని (నిలబడి తినే చిన్న హోటల్) ముందూ సాయంత్రం కాఫీ వాసన ఆపుతుంది. తాగిన కాఫీలో ఉన్న కెఫీన్ సుమారు ఐదు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. అందుకని నాలుగు దాటాక తాగకపోవడం మేలు. స్నేహితులతో తప్పకపోతే బై టూ (ఒక కాఫీ ఇద్దరికి) చెప్పండి. పగలు కునుకు తీస్తే ఇరవై నిమిషాలు చాలు. గంట పడుకుంటే లేచాక తల బరువుగా ఉండి, చదువూ సాగదు, రాత్రి నిద్రా రాదు.

4. చదువు గంటలో చదువే ఉండాలి

28 గంటలు తక్కువ అనిపించవచ్చు. నోట్‌బుక్‌లో గీత పడని 28 అయితే తక్కువ కాదు.

మనలో చాలామంది చదవడమంటే మళ్ళీ మళ్ళీ చదవడం అనుకుంటారు, రంగు పెన్నుతో గీతలు గీస్తారు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్ళీ చదివిన వాళ్ళకి ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పాఠం మూసేసి గుర్తు తెచ్చుకుని రాసిన వాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మన పరీక్షలు ఐదు నిమిషాల తర్వాత రావు కదా.

అందుకని గంటలో సగం పుస్తకం మూసి గడపండి. డేటా స్ట్రక్చర్స్ చదువుతుంటే ఏవీఎల్ ట్రీ పాఠం చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద నాలుగు రొటేషన్లూ వెయ్యండి. రెండు వేశాక మూడోది రాకపోతే అక్కడ ఆగండి, అప్పుడు పుస్తకం తెరవండి. ఆ తెరిచిన క్షణంలో చదివేది మనసుకి పడుతుంది. రెండు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి అదే కాగితం మళ్ళీ వెయ్యండి. చదివినది మొదటి రోజుల్లోనే వేగంగా జారిపోతుందని ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తానే ప్రయోగం చేసి రాశాడు.

ఇరవై ఐదు నిమిషాలు చదువు, ఐదు నిమిషాలు బ్రేక్ అనే పొమొడోరో పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మొదలుపెట్టడానికి ఒళ్ళు బరువైన రోజున అది బాగుంటుంది. లెక్కలకీ కోడింగ్‌కీ మాత్రం పని పట్టు చిక్కేసరికే గంట కొడుతుంది, వాటికి యాభై, పది పెట్టుకోండి. బ్రేక్‌లో కుర్చీలోంచి లేవాలి. నీళ్ళు తాగండి, బాల్కనీలో ఆరేసిన బట్టలు తియ్యండి, ఫోన్ మాత్రం ముట్టుకోకండి. దాన్ని సైలెంట్‌లో పెట్టి బోర్లా పడుకోబెడితే చాలదు. కప్‌బోర్డ్‌లో పెట్టి తాళం వెయ్యండి.

గది కుదరకపోతే చోటు మార్చండి. కాలేజీ లైబ్రరీలో సాయంత్రం ఆరున్నర దాకా కూర్చుని రూముకి బయల్దేరితే, పైన చెప్పిన ఆ మంచం గండం తప్పుతుంది. కబ్బన్ పార్కులో ఎర్ర భవనం ఉంది చూశారా, శేషాద్రి అయ్యర్ స్మారక భవనం, అదే రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. చదువు అయ్యాక బయటికి రాగానే పెద్ద పెద్ద చెట్లు. శనివారం పొద్దున ఆ పార్కులోనే దుప్పట్లు పరుచుకుని ఎవరి పుస్తకం వాళ్ళు మౌనంగా చదువుకునే ‘కబ్బన్ రీడ్స్’ జనం కనిపిస్తారు. సిలబస్ కాని పుస్తకం ఒకటి పట్టుకెళ్ళి కూర్చోండి, దాన్ని మాత్రం ‘వి’ ఖాతాలో రాయండి.

5. ప్రయాణాన్ని చదువులో కలపకండి

500-డి బస్సులో రద్దీ టైంలో నిలబడి నోట్స్ చదవడం సాధ్యం కాదు. ప్రయత్నించి, కుదరక, తిట్టుకుని, ఫోన్ తీస్తారు. ఆ టైం ఖాళీగా పోతుందని బాధపడేకంటే దాన్ని ముందే విశ్రాంతి కింద రాసుకోండి. పాటలు వినండి, అమ్మతో మాట్లాడండి. మెట్రో కాస్త నయం. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్రకి పసుపు లైన్ మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్ళకి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ బెడద తగ్గింది. అందులో సీటు దొరికితే ఫార్ములా కార్డులు నాలుగు తిరగెయ్యచ్చు. దొరక్కపోతే కిటికీలోంచి చూడండి, పోయేదేం లేదు.

6. సరదాకి ముగింపు టైం ఉండేలా చూసుకోండి

సరదాలో రెండు రకాలు. దానంతట అదే అయిపోయేది ఒకటి, మనం ఆపితే తప్ప ఆగనిది ఇంకొకటి. షటిల్ కోర్టు గంటకి బుక్ చేస్తే గంట కాగానే వెనక వాళ్ళు రాకెట్లు పట్టుకుని నిలబడతారు. టర్ఫ్ మీద బాక్స్ క్రికెట్ అంతే. సినిమా రెండున్నర గంటల్లో వదులుతుంది. జేపీ నగర్‌లో రంగశంకర థియేటర్‌లో నాటకానికి ఆలస్యంగా వెళ్తే లోపలికే రానివ్వరు, అయిపోగానే బయటికి పంపేస్తారు. కన్నడ రాకపోయినా ఒకసారి వెళ్ళి చూడండి, ఇంగ్లీషు, హిందీ నాటకాలు కూడా వేస్తుంటారు. రీల్స్, షార్ట్స్, రాత్రి పదకొండుకి మొదలైన సిరీస్ రెండో రకం. ఒక ఎపిసోడ్ అవ్వగానే ఇంకొకటి దానంతట అదే మొదలవుతుంది. ఆ ఆటోప్లే ముందు ఆపెయ్యండి.

రెండో రకాన్ని మానెయ్యమనను, మానరు కూడా. దాని తర్వాత కదలక తప్పని పని ఒకటి పెట్టండి. డిన్నర్‌కి అరగంట ముందు చూడండి, టైంకి లేవకపోతే పీజీలో పప్పు అడుగంటుతుంది. మంచం మీద, పడుకునే ముందు చూస్తే ఆపేవాళ్ళెవరూ ఉండరు.

వారానికి రెండుసార్లు ఒళ్ళు కదిలే ఆట, ఒకసారి ఊళ్ళోకి వెళ్ళడం ఉంటే చాలు. డబ్బుల్లేని నెలాఖరులో లాల్‌బాగ్ ఉంది. 240 ఎకరాలు, హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట. పొద్దునే వెళ్ళి ఆ పాత బండరాయి ఎక్కి కూర్చుంటే సగం బెంగళూరు కనిపిస్తుంది. ఆకలేస్తే వీవీ పురం తిండి వీధి దగ్గరే, కానీ అది సాయంత్రం వేళకి. ఆదివారం రాత్రి చాలా పీజీల్లో వంట ఉండదు. ఆ పూట స్నేహితులతో ఆంధ్ర మీల్స్‌కి వెళ్ళడం ఖర్చని చూడకండి, వారమంతా తిన్న ఆ సాంబార్‌కి విరుగుడు.

రోజూ ఎలా పడుతుందో ఒక మంగళవారం చూపిస్తాను. ఏడింటికి లేవడం, తొమ్మిది నుంచి నాలుగు దాకా కాలేజీ, అక్కడే లైబ్రరీలో ఆరున్నర దాకా రెండు గంటల చదువు, మధ్యలో టీ. ఏడుంబావుకి రూము, స్నానం, ఎనిమిదింటి నుంచి తొమ్మిది దాకా షటిల్, తర్వాత భోజనం. పది నుంచి పదకొండున్నర దాకా ఇంకో గంటన్నర చదువు, దీనికి తేలిక పని ఉంచుకోండి, అసైన్‌మెంట్ రాయడం లాంటిది. పదకొండున్నరకి మంచం. చదువు మూడున్నర గంటలూ పడింది, ఆట కూడా పడింది.

7. ఊరికి వెళ్ళే వీకెండ్‌ని విడిగా లెక్కెయ్యండి

ఇంటికి వెళ్ళడం విశ్రాంతి అనుకుంటాం. రాత్రి బస్సు ప్రయాణం మాత్రం విశ్రాంతి కాదు. శుక్రవారం రాత్రి మడివాళలోనో మారతహళ్లిలోనో విజయవాడ బస్సు ఎక్కితే శనివారం పొద్దున దిగుతారు. ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు, సోమవారం పొద్దున కేఆర్ పురంలో దిగి, ముఖం కడుక్కుని క్లాసుకి. రెండు రాత్రుల నిద్ర పోయింది, పచ్చడి సీసాలు మిగిలాయి. పోనీ సోమవారం డుమ్మా కొడదామంటే వీటీయూ (విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం) కాలేజీల్లో 85 శాతం అటెండెన్స్ అడుగుతారు.

అనంతపురం, కర్నూలు, తిరుపతి వైపు వాళ్ళకి చింత తక్కువ, ఆదివారం పగలే తిరిగి రావచ్చు. 2023 సెప్టెంబరులో మొదలైన కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా పగటి పూటే నడుస్తుంది. కోస్తా వాళ్ళు మామూలు వీకెండ్‌లో వెళ్ళడం తగ్గించి, రెండు నెలలకోసారి మూడు నాలుగు రోజుల సెలవు చూసుకుని వెళ్ళడం మంచిది. వచ్చేటప్పుడు శనివారం రాత్రే బయల్దేరి ఆదివారం పగలు పడుకోండి. అమ్మ ఊరుకోదు, నిజమే. సంక్రాంతికి ఇక్కడ సెలవు ఒక్క రోజే ఇస్తారు, మనకి భోగీ కనుమా కూడా కావాలి, కాబట్టి ఆ రెండు రోజుల అటెండెన్స్ ముందు నుంచే దాచుకోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, నవంబరులోనే క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాలి.

ఇంట్లో వాళ్ళకి మీ టైంటేబుల్ చెప్పండి. “చదువుకుంటున్నావా?” అని ఫోన్ చేసినప్పుడు కోర్టులో ఉండి “ఆ, చదువుతున్నా నాన్నా” అంటే ఆ ఆట సగం చేదవుతుంది. మంగళవారం, గురువారం ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆడతానని ఒకసారి చెప్పేస్తే ఆ టైంకి వాళ్ళే చెయ్యరు.

8. ఇంటర్నల్స్ వచ్చినప్పుడు

వీటీయూలో మొత్తం మార్కుల్లో సగం ఇంటర్నల్స్ నుంచే వస్తాయి కాబట్టి ఆ వారాల్లో లెక్క మారాల్సిందే. ఖాళీగా వదిలిన పన్నెండు గంటల్లో పది చదువుకి తీసుకోండి. సినిమా, ఊళ్ళో తిరుగుడు తీసెయ్యండి. నిద్ర ఏడు గంటలకి తగ్గనివ్వకండి, రోజూ అరగంట నడక కూడా ఉంచండి. చివరి పరీక్ష అయిన సాయంత్రానికి ఏం చెయ్యాలో ముందే రాసుకోండి. రాసుకోకపోతే ఆ సాయంత్రం కూడా మంచం, ఫోన్ పాలవుతుంది.

వారం మధ్యలో టైంటేబుల్ చెడితే పోయిన గంటల్ని మర్నాటి మీద వెయ్యకండి. పోయింది పోయింది. మరీ ముఖ్యమైనది ఒక్కటి ఖాళీ గంటల్లోకి తెచ్చుకుని, మిగతాది వదిలేసి, ఆ రోజు ఉన్న చోట నుంచి మొదలుపెట్టండి.

9. విశ్రాంతి తీసుకున్నా అలసట పోకపోతే

రెండు వారాలు సరిగ్గా పడుకుని, ఆడుకున్నా పొద్దున లేవబుద్ధి కాకపోవడం, ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోకపోవడం, తిండి సయించకపోవడం ఉంటే అది టైంటేబుల్‌తో తీరే సంగతి కాదు. టెన్షన్ అందరికీ ఉంటుందిలే అని కొట్టిపారెయ్యకండి. బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య ఆసుపత్రి ఉంది. ఫోన్, గేమ్‌లు ఎంత ప్రయత్నించినా ఆపలేకపోతున్న వాళ్ళ కోసం అక్కడ ‘షట్’ అనే క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. వెళ్ళడానికి మొహమాటంగా ఉంటే ముందు 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి.